పార్ట్‌నర్ వీసా ఇంటర్వ్యూ: ఇద్దరూ కలిసి సిద్ధం కావాలి

అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియా పార్ట్‌నర్ వీసాకి అప్లై చేసి ఎదురుచూస్తున్న జంటలు ఇక్కడ చాలామందే ఉన్నారు. కొందరు ఇండియా నుంచి 309 వీసాకి (ఆస్ట్రేలియా బయట ఉండి పెట్టేది) పెట్టారు, కొందరు ఆస్ట్రేలియాకి వచ్చాక 820కి (ఇక్కడ ఉండి పెట్టేది) పెట్టారు. ఇంటర్వ్యూ అందరికీ ఉండదు. ఉంటే మాత్రం ఇద్దరితో విడివిడిగా మాట్లాడవచ్చు, అది ఫోన్‌లో కూడా కావచ్చు.

మీ బంధం నిజమైనదేనా అని తెలుసుకోవడానికి వీసా అధికారి ముఖ్యంగా నాలుగు సంగతులు చూస్తారు: డబ్బు వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, నలుగురిలో మీరు భార్యాభర్తలుగా మెలిగే తీరు, ఒకరికొకరు కట్టుబడి ఉండటం.

పెద్దలు కుదిర్చిన పెళ్ళి అంటే నమ్మరేమోనని మనవాళ్ళకి భయం. అందుకని లేని ప్రేమకథ అల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి. పెళ్ళిచూపుల్లో అరగంట మాట్లాడుకుని నెల తిరక్కుండా పెళ్ళి చేసుకుంటే అదే చెప్పండి. సంబంధం ఎవరు తెచ్చారు, ముందు ఎవరు ఫోన్ చేశారు, ఏం నచ్చి ఒప్పుకున్నారు, ఇవన్నీ జరిగినవే కాబట్టి తడుముకోకుండా వస్తాయి. అల్లిన కథ అయితే రెండో ప్రశ్నకే తడబడతారు.

తేదీల దగ్గర మాత్రం జాగ్రత్త. మన ముహూర్తాలు చాలాసార్లు అర్ధరాత్రి దాటాక ఉంటాయి. శుభలేఖలో ‘14వ తేదీ రాత్రి 2 గంటలకు, తెల్లవారితే 15’ అని వేస్తాం. అమ్మాయి 14 అంటుంది, అబ్బాయి 15 అంటాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, కానీ మన పద్ధతి తెలియని అధికారికి అది తేడాగానే కనిపిస్తుంది. అందుకే మ్యారేజ్ సర్టిఫికెట్ ఒకసారి ఇద్దరూ చూసుకోండి. అందులో ఉన్న తేదీ చెప్పి, ముహూర్తం సంగతి కూడా వివరించండి.

పేర్లూ అంతే. ఆడపడుచుని ఇంట్లో అందరూ బుజ్జి అంటారు, అసలు పేరు కొత్త కోడలికి తెలియదు. తెలుసుకోండి.

జవాబులు బట్టీ పట్టొద్దు. మీరు విడివిడిగా రాసిచ్చిన స్టేట్‌మెంట్లు ఒకరివి ఒకరు చదవండి. ఫారం 888లో (మీ బంధం గురించి తెలిసినవాళ్ళు రాసిచ్చేది) స్నేహితులు ఏం రాశారో చూడండి. ఉద్యోగం, ఇల్లు మారితే వెంటనే ఇమ్మిఅకౌంట్‌లో (వీసా అప్లికేషన్ పెట్టే ఆన్‌లైన్ ఖాతా) తెలియజేయండి. అబ్బాయిలకి ఒక మాట: ఇంటి లోను, చెల్లి పెళ్ళికి చేసిన అప్పు మీ భార్యకి చెప్పండి. ఇంటర్వ్యూ లేకపోయినా అది ఆమెకి తెలియాల్సిన సంగతే.

ఇంగ్లీషులో ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, మొహమాటం వద్దు. పక్కనుంచి భర్త జవాబులు అందించకూడదు.

చెప్పినదాంట్లో తేడా కనిపిస్తే మామూలుగా మీకు లేఖ రాసి వివరణ అడుగుతారు. గడువు అందులోనే ఉంటుంది. అలాంటి లేఖ వస్తే తెలిసినవాళ్ళని అడుగుతూ రోజులు పోగొట్టుకోకండి. వెంటనే రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంట్‌నో లాయర్‌నో కలవండి.