సంతకానికి ముందు రెండో డాక్టరు

సభకు నమస్కారం. అధ్యక్షులవారి పరిచయంలోనే నా సమయం కొంత ఖర్చయింది, కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మగవారిలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టి, దాన్ని దాటి బయటికి పాకని క్యాన్సర్‌కు ఆపరేషనా, రేడియేషనా, గమనిస్తూ ఆగడమా? మూడింటినీ వరుసగా వివరిస్తానని నిర్వాహకులకు మాటిచ్చాను. దానికంటే ముందు నాకొక ఫిర్యాదుంది. సూదితో ముక్క తీసి చేసే పరీక్ష, అంటే బయాప్సీ, చేసేది యూరాలజిస్టు, అదే మూత్రవ్యాధుల డాక్టరు. రిపోర్టు చెప్పేదీ ఆయనే, ఆపరేషన్ చేసేదీ ఆయనే. క్యాన్సరన్న మాట చెవిన పడ్డ పూటే ఆపరేషన్ తేదీ కూడా ఖాయమవుతోంది. 'తీసి పారేయండి డాక్టరుగారూ' అని ఇంటివాళ్లే తొందరపెడుతున్నారు. రేడియేషన్ డాక్టరు మొహం చూడకుండానే కాగితం మీద సంతకం పడుతోంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరికి చేతనైన వైద్యం వాళ్లకు ముందు కనిపిస్తుంది, అంతే.

అంత తొందర ఎందుకు? తక్కువ, మధ్యస్థ ప్రమాదమున్న క్యాన్సర్‌లో కొన్ని వారాలు ఆలోచించుకుంటే నష్టం లేదు. బయాప్సీ సూదుల వల్ల వచ్చిన వాపు తగ్గేదాకా సర్జన్లే కొన్ని వారాలు ఆగుతారు. ఆ వారాల్లోనే రెండో డాక్టర్ని కలవండి.

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అని ఒక పరిశోధన జరిగింది. 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 1,643 మందిని లాటరీ పద్ధతిలో మూడు వర్గాలు చేశారు. ఎక్కువ మందిది తక్కువ, మధ్యస్థ ప్రమాదమే. 15 ఏళ్ల తర్వాత లెక్క తీస్తే ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవారు ఆపరేషన్ వర్గంలో 2.2 శాతం, రేడియేషన్‌లో 2.9, గమనింపులో 3.1. తేడా లేనట్టే. అయితే ఒంట్లో వేరేచోటికి పాకడం మాత్రం గమనింపు వర్గంలో 9.4 శాతం, మిగతా రెండింటిలో 5 శాతం దగ్గర. గమనింపులో ఉన్నవారిలో 61 శాతం మంది చివరికి ఏదో ఒక చికిత్స తీసుకున్నారు. ఆ రోజుల్లో గమనింపంటే ముఖ్యంగా పీఎస్‌ఏ పరీక్షే, అంటే ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే ఒక ప్రొటీన్ కొలత. ఇప్పుడు ఎంఆర్‌ఐ, మళ్లీ బయాప్సీ కూడా ఉంటాయి. వాటికి డుమ్మా కొట్టి రెండేళ్లు కనబడకుండా పోతే అది గమనింపు కాదు, గాలికి వదిలేయడం.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, ఎందుకంటే రిపోర్టు చదవడంలోనే సగం భయం పుడుతోంది. క్యాన్సర్ కణాలు ఎంత చెడ్డగా కనిపిస్తున్నాయో రెండు అంకెలు కూడి చెప్పే స్కోరు గ్లీసన్. గ్లీసన్ 6 అని రాసుంటే 'పదికి ఆరా!' అని గుండె జారిపోతుంది. బయాప్సీలో ఆచరణలో ఇచ్చే అతి తక్కువ స్కోరే 6. ఇక 3+4, 4+3 రెండూ కూడితే ఏడే, కానీ 1 నుంచి 5 దాకా ఉండే తీవ్రత మెట్లలో మొదటిది గ్రేడ్ గ్రూప్ 2, రెండోది 3. మొదటి అంకె ఎక్కువగా కనిపించిన కణాలది, 4 అంటే 3 కన్నా చెడ్డవి, అందుకే రెండోదానిలో ముప్పు ఎక్కువ. మూత్రం ధార కోసం ఫినాస్టరైడ్ గానీ డ్యుటాస్టరైడ్ గానీ నెలల తరబడి వాడుతుంటే పీఎస్‌ఏ దాదాపు సగమే చూపిస్తుంది. 4 అని ఉంటే నిజానికి 8 కావచ్చు. ఈ మాత్రల సంగతి డాక్టరుకు చెప్పేవాళ్లు ఎంతమంది?

సరే, ఆపరేషన్. గ్రంథినీ వీర్యకోశాలనూ తీసేసి, మూత్రాశయాన్ని మూత్రనాళానికి మళ్లీ కుడతారు. ఆ కుట్టు మానడానికి సుమారు వారం, పది రోజులు మూత్రం పోయే గొట్టం, అంటే కాథెటర్ ఉంటుంది. తీశాక మూత్రం లీకు. ప్రొటెక్ట్ పరిశోధనలోనే ఆరో నెలలో 46 శాతం మంది ప్యాడ్ వాడుతున్నారు, ఏళ్లు గడిచాక కూడా 24 శాతం. కటి కండరాల వ్యాయామం ఆపరేషన్‌కు ముందే నేర్చుకోవాలి. ఆడవాళ్లు కూడా ఈ మాట వినాలి, సిగ్గుపడే సమయం కాదిది: ఆరో నెలకు సంభోగానికి సరిపడా అంగస్తంభన ఉన్నది ఆపరేషన్ వర్గంలో 12 శాతం, రేడియేషన్‌లో 22, గమనింపులో 52. వీర్యం ఇక రాదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే వీర్యం దాచుకోవాలి.

రేడియేషన్ అంటే కోత లేదు కాబట్టి తేలికని అనుకోకండి. మామూలుగా 20 సార్లు, నాలుగు వారాలు. ఎంపిక చేసిన కొందరికి 5 సార్లే. ప్రతిసారీ మూత్రాశయం నిండుగా, పెద్దపేగు చివర ఖాళీగా ఉండాలి. అక్కడ గ్యాస్ ఉంటే గ్రంథి జరిగిపోయి గురి తప్పుతుంది. ఏళ్ల తర్వాత మలంలో రక్తం, మలం లీకు రావచ్చు: ప్రొటెక్ట్‌లో రేడియేషన్ వర్గంలో మలం లీకు 12 శాతం, మిగతావారిలో 6. ఇంకో సంగతి మెల్లగా చెబుతారు, నేను గట్టిగా చెబుతాను. రేడియేషన్‌తో పాటు ఇచ్చే, మగ హార్మోన్‌ను అణచే ఇంజక్షన్. మధ్యస్థ ప్రమాదంలో చాలామందికి నాలుగు నుంచి ఆరు నెలలు, ఎక్కువ ప్రమాదంలో ఏడాదిన్నర నుంచి మూడేళ్లు. ఒంట్లో ఆవిర్లు, ఎముకల సన్నబాటు, కండ తగ్గడం, షుగరు పెరగడం, కోరిక పోవడం అన్నీ దాని లెక్కలోవే.

పేగుల్లో వాపు, పుండ్లు వచ్చే పేగుపూత వ్యాధి ఉన్నవారికీ, కటి ప్రాంతంలో ఇంతకుముందే రేడియేషన్ పడ్డవారికీ ఆపరేషన్ వైపే మొగ్గు. మూత్రం బాగా అడ్డుపడుతున్నవారికి కూడా ఒక్క కోతతో రెండు పనులు అవుతాయి. గుండె, ఊపిరితిత్తులు మత్తుకు తట్టుకోలేనివారికి రేడియేషన్.

'ఆపరేషన్ విఫలమైతే రేడియేషన్ ఇవ్వొచ్చు, రేడియేషన్ విఫలమైతే ఆపరేషన్ కష్టం' అని మీకు చెప్పే ఉంటారు. నిజమే. మచ్చకట్టిన చోట కోస్తే లీకు, పేగు గాయం ఎక్కువ. కానీ రెండూ పడినవాడు రెండింటి ఇబ్బందులూ మోస్తాడు. ఆపరేషన్ ఎంచుకోవడానికి ఈ వాదన ఒక్కటే చాలదు.

తర్వాత పీఎస్‌ఏ. ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అది పరీక్షకు అందనంత కిందికి పోవాలి. మళ్లీ 0.2 కు చేరి పెరుగుతుంటే రేడియేషన్ మాట ఎత్తాలి. రేడియేషన్ తర్వాత మాత్రం నెమ్మదిగా ఏడాది, రెండేళ్లు దిగుతుంది, మధ్యలో కాస్త ఎగిరి మళ్లీ దిగొచ్చు. తన కనిష్ఠం కన్నా 2 పెరిగితేనే తిరగబెట్టిందంటారు. పక్కింటాయన అంకెతో మీ అంకె పోల్చుకోకండి.

గంట కొట్టారు. చీటీలో 'రోబో మంచిదా?' అని, అంటే సర్జన్ రోబో చేతులతో చేసే ఆపరేషన్ గురించి, ఎవరో అడిగారు. రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికొస్తారు. లీకులో, స్తంభనలో కోత ఆపరేషన్‌తో పెద్ద తేడా కనబడలేదు. యంత్రం గురించి కాదు, సర్జన్ గురించి అడగండి: ఏడాదికి ఎన్ని చేస్తారు, ఆయన రోగుల్లో ఏడాది తిరిగేసరికి ప్యాడ్ లేకుండా ఎందరున్నారు, కోత అంచుల్లో క్యాన్సర్ మిగిలినవారు ఎందరు. లెక్క లేదంటే వేరే సర్జన్‌ను చూడండి.