బిల్లు మడిచి జేబులో పెట్టుకున్న అన్నయ్య

హోస్ట్: నమస్తే. కథలు రాస్తున్న చాలామంది మాకు చెప్పే ఇబ్బంది ఒకటుంది, కథ బాగానే అల్లుకుంటున్నాం గానీ అందులో మనుషులు అట్టబొమ్మల్లా ఉంటున్నారని. అందుకే ఇవాళ ఒక కథా రచయిత్రిని పిలిచాం. మీకూ ఈ బాధ ఉండేదాండీ?

రచయిత్రి: చాలా ఏళ్లు ఉండేది. ప్రతి పాత్రకీ నోటుబుక్కులో రెండు పేజీలు రాసుకునేదాన్ని, పుట్టిన తేదీ, చదువు, ఇష్టమైన రంగు, అన్నీ. తీరా కథ మొదలుపెడితే ఆ మనిషి నోరు విప్పేవాడు కాదు. అతని గురించి అంతా రాసుకున్నాను గానీ, ఈ పూట అతనికి ఏం కావాలో మాత్రం నాకు తెలీదు.

హోస్ట్: అంటే కోరిక ఉండాలంటారు.

రచయిత్రి: కోరికా ఉండాలి, దానికి అడ్డూ ఉండాలి. ఆ అడ్డు అతని స్వభావంలోంచే వస్తే ఇంకా బావుంటుంది. నా కథలో ఒక అన్నయ్య ఉన్నాడు, తండ్రి ఆస్పత్రిలో ఉంటే ఖర్చంతా తనే పెట్టుకుంటున్నాడు. మొదటి డ్రాఫ్ట్‌లో ‘బాధ్యత తెలిసినవాడు, ఎవర్నీ నొప్పించడు’ అని రాసేశాను. చదివిన స్నేహితురాలు ‘మంచివాడే, అయితే ఏంటి?’ అంది. ఆ మాట రెండ్రోజులు నన్ను వదల్లేదు.

హోస్ట్: మరి ఏం మార్చారు?

రచయిత్రి: ఆ వాక్యం కొట్టేసి అతన్ని బిల్లు కౌంటర్ ముందు నిలబెట్టాను. బిల్లు తీసుకుని ఒక్కసారి చూశాడు, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, తమ్ముడొచ్చి ‘ఎంతయింది అన్నయ్యా’ అంటే ‘ముందు నువ్వెళ్లి ఏదైనా తిను’ అన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పలేదు చూడండి, అక్కడ నాకు మొదటిసారి కనిపించాడు. ఇంటికి పెద్దవాణ్ణి నేనే అన్న పట్టు అతనిది, తమ్ముడు కాస్త డబ్బు పెట్టినా ఆ పెద్దరికం పోతుందని భయం.

హోస్ట్: మంచితనంలోనే లోపం ఉందన్నమాట.

రచయిత్రి: అవునండీ. చాలామంది లోపాన్ని విడిగా తెచ్చి అతికిస్తారు, మంచివాడే గానీ తాగుతాడు, అని. అది అతుకులాగే కనిపిస్తుంది.

హోస్ట్: ఇంగ్లిష్ నవలా రచయిత ఫార్‌స్టర్ కూడా పాత్రల్ని రెండు రకాలన్నాడు కదా.

రచయిత్రి: 1927లో కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో అన్నాడు. ఒకే గుణం చుట్టూ అల్లినవి కొన్ని, అన్ని వైపులా నిండుగా ఉండేవి కొన్ని. నిండు పాత్రకి ఆయన పెట్టిన పరీక్ష నాకు చాలా ఇష్టం, అది మనల్ని ఆశ్చర్యపరచాలి, అదీ నమ్మేలా. ఒకే గుణం ఉన్నవి పనికిరావని మాత్రం ఆయన అనలేదు, వాటిని చప్పున గుర్తుపట్టేస్తాం, గుర్తుండిపోతాయి కూడా. కౌంటర్లో బిల్లిచ్చే మనిషి బాల్యం రాయక్కర్లేదు కదా.

హోస్ట్: మరి మీ అన్నయ్య ఎక్కడ ఆశ్చర్యపరిచాడు?

రచయిత్రి: అసలు ఆశ్చర్యపరిచింది తమ్ముడు. కథ పొడుగునా అన్నయ్యని ‘నువ్వు’ అనే కుర్రాడు, అప్పు చేసి కడుతున్నాడని తెలిశాక, గొంతు పెంచకుండా ‘మీరే కట్టుకోండి, మీ నాన్నే కదా’ అన్నాడు. ఆ ‘మీరు’ రాసి కాసేపు లేచి తిరిగాను. తెలుగులో రాసేవాళ్లకి ఇది ఎంత పెద్ద సదుపాయమో, ఎవరు ఎవర్ని ఎప్పుడు నువ్వు అంటారో, ఎప్పుడు మీరు అంటారో కాస్త మారిస్తే చాలు, పేజీ వర్ణన అక్కర్లేదు. దయచేసి వాడుకోండి.

హోస్ట్: కొత్తగా రాసేవాళ్లు ఇవాళే చేయగలిగింది ఏదైనా చెప్పండి.

రచయిత్రి: మీ కథలో ‘కోపిష్ఠి’, ‘అమాయకుడు’ లాంటి మాట ఒకటి వెతికి కొట్టేయండి. ఆ మనిషికి ప్రాణమైనవి రెండు ఉండి ఒకటే దక్కే చోట నిలబెట్టి, ఏది వదులుకుంటాడో చూడండి. డైలాగులు పైకి చదవండి, పేర్లు తీసేసినా ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి.

హోస్ట్: ఇంతకీ ఆ అన్నయ్య చివరికి బిల్లు చూపించాడా?

రచయిత్రి: లేదండీ. అన్నయ్య బెంచీ మీద నిద్రపోతుంటే తమ్ముడే జేబులోంచి తీశాడు, విప్పి చూశాడు, మళ్లీ అవే నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచేశాడు.