రెండు నిమిషాలు అవుట్‌బాక్స్‌లో

శ్రోతలకు నమస్కారం.

ఆఫీసు మెయిల్‌లో తప్పు ఎప్పుడు కనబడుతుందో గమనించారా? సెండ్ నొక్కాక. రాస్తున్నంతసేపూ కనబడదు, నొక్కిన మరుక్షణం కళ్లకు కడుతుంది. అటాచ్‌మెంట్ లేదు. లేదా ఉంది, పోయినవారం ఫైలు. లేదా అంతా సరిగానే ఉంది గానీ, అదే పేరున్న ఇంకొకాయనకు వెళ్లింది.

పంపినదాన్ని వెనక్కి లాగే రీకాల్ ఉందిగా అంటారు. రీకాల్ మీ సంస్థ గడప లోపలే పనిచేస్తుంది. మెయిల్ బయటి సర్వర్‌కు చేరిందంటే ఆ కాపీ వాళ్లది, దాన్ని మీరు తుడిచెయ్యలేరు. పైగా కొన్నిసార్లు "ఫలానావారు ఈ మెయిల్‌ను వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారు" అని వాళ్లకు ఇంకో మెయిల్ పోతుంది. అది చూసి, మొదటిది చదవనివాళ్లు కూడా వెతికి మరీ చదువుతారు.

అందుకని వెళ్లాక లాగడం కాదు, వెళ్లేముందు ఆపడం. రెండు నిమిషాలు. అంతే, రెండు నిమిషాలు.

కంప్యూటర్లో పాత తరహా అవుట్‌లుక్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రామ్, ఉన్నవాళ్లు పెన్ను తీసుకోండి. ఫైల్ నొక్కి, మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్‌లోకి వెళ్లండి. న్యూ రూల్. కింద "అప్లై రూల్ ఆన్ మెసేజెస్ ఐ సెండ్" అని ఉంటుంది, అది ఎంచుకుని నెక్స్ట్. తరవాతి పేజీలో ఏ గడీలోనూ టిక్కు పెట్టకండి, మళ్లీ నెక్స్ట్. "మీరు పంపే ప్రతి మెయిల్‌కీ ఇది వర్తిస్తుంది, సరేనా" అని అడుగుతుంది. కంగారు పడొద్దు, మనకు కావలసింది అదే. యెస్ అనండి. ఇప్పుడు "డిఫర్ డెలివరీ" అని మొదలయ్యే గడిలో టిక్కు పెట్టి, కింద గీత ఉన్న మాట మీద నొక్కి 2 వెయ్యండి. 120 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు గానీ, అంత పెడితే అవతలివాళ్లు ఫోన్ చేసి మెయిల్ ఏదండీ అంటారు.

తరవాతి పేజీ మినహాయింపులది. ఇంపార్టెన్స్ హై అని గుర్తు పెట్టినవి ఆగకుండా వెళ్లేలా చేసుకోవచ్చు. కాకపోతే వాటికి అవతల ఎర్ర ఆశ్చర్యార్థకం కనబడుతుంది. ప్రతిదానికీ వాడితే దాన్నెవరూ పట్టించుకోరు. చివరికి ఒక పేరు పెట్టి ఫినిష్.

ఇక మెయిల్ రెండు నిమిషాలు అవుట్‌బాక్స్‌లో, అంటే ఇంకా వెళ్లని మెయిళ్లు ఆగే చోట, కూర్చుంటుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఈ రూల్ మీ కంప్యూటర్లోనే నడుస్తుంది. సెండ్ నొక్కి, అవుట్‌లుక్ మూసేసి ఇంటికెళ్తే మెయిల్ కదలదు, మళ్లీ తెరిచేదాకా అక్కడే ఉంటుంది. రెండోది ఎక్కువమందికి తెలియదు. అవుట్‌బాక్స్‌లో ఉన్న మెయిల్‌ను తెరిచి చూసి, ఊరికే మూసేస్తే అది వరసలోంచి తప్పుకుంటుంది. తెరిచారా, మళ్లీ సెండ్ నొక్కాలి. గుర్తేమిటంటే, వెళ్లబోయే మెయిల్ పేరు వాలు అక్షరాల్లో ఉంటుంది. అక్షరాలు నిటారుగా ఉన్నాయంటే అది వెళ్లదు. మళ్లీ చెబుతున్నాను: వాలుగా ఉంటే వెళ్తుంది, నిటారుగా ఉంటే వెళ్లదు.

కొత్త అవుట్‌లుక్‌లో ఇలా ప్రతి మెయిల్‌నూ ఆపే రూల్ లేదు. సెండ్ నొక్కాక కొన్ని క్షణాల్లో ఆపుకునే అన్‌డూ సెండ్ ఉంది, అదీ 10 సెకన్ల దాకానే. జీమెయిల్‌లో మామూలుగా 5 సెకన్లుంటుంది, సెట్టింగ్స్‌లో 30 దాకా పెంచుకోవచ్చు. పేజీ అట్టడుగున సేవ్ ఛేంజెస్ నొక్కడం మరిచిపోతే పెంచనట్టే.

ఈ పది, ముప్ఫై సెకన్లవాళ్లకు ఒకటే మార్గం. టూ గడి ఖాళీగా ఉంచండి. ముందు అటాచ్‌మెంట్, తరవాత విషయం, చిట్టచివర చిరునామా. చిరునామా లేని మెయిల్ పొరపాటున సెండ్ నొక్కినా వెళ్లదు. చిరునామా వేసేటప్పుడు రెండక్షరాలు కొట్టగానే పేర్లు దిగుతాయి చూశారూ, అవుట్‌లుక్‌లో ప్రతి పేరు పక్కనా చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది. ఎప్పుడో ఒకసారి రాసిన పాత చిరునామాలను ఇవాళే దాంతో తీసెయ్యండి.

నమస్కారం.