మొలతాడు కట్టిన స్కిమో స్కిన్లు: సీజన్ మొత్తం వాడాక నా మాట

నమస్కారం. అనంతపురం నుంచి మళ్ళీ ఒక మంచు వీడియో. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఊళ్ళో కూర్చుని మంచు గురించి మాట్లాడటం ఏమిటని నవ్వేవాళ్ళు నవ్వండి, నాకు అలవాటైపోయింది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇప్పుడు చూపించబోయే స్కిన్ల జత నేను కొన్నది కాదు. చలికాలం మొదలవకముందే కంపెనీవాళ్ళు పంపారు, సీజన్ పొడవునా పోటీల్లో వాడి వీడియో చేయమన్నారు. డబ్బు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. పేరు పెట్టె మీద ఉంది, కెమెరా ముందు పెడుతున్నాను, చదువుకోండి. నా నోటితో మాత్రం పలకను. ఎందుకో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. బరువెంత, వెడల్పెంత, ధరెంత అన్నవి మీరు ఇప్పటికే చూసి ఉంటారు. ఆ పట్టిక మళ్ళీ చదివి వినిపించే ఓపిక నాకు లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. స్కీ మౌంటెనీరింగ్, మేము స్కిమో అంటాం, కొండను స్కీల మీదే ఎక్కి స్కీల మీదే దిగే పోటీ. ఎక్కేటప్పుడు స్కీ అడుగున అంటించే పొడవాటి పట్టీయే స్కిన్. ఒక పక్క జిగురు, రెండో పక్క బొచ్చు. బొచ్చంతా వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. పైకి చేరగానే స్కిన్ పీకి, దుస్తుల్లోపల ఛాతీ జేబులో దోపి, దిగిపోవాలి. 2026 ఫిబ్రవరిలో ఇటలీలోని బోర్మియోలో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది కాబట్టి ఇదివరకటిలా గంటసేపు వివరించే బాధ తప్పింది.

బొచ్చు సంగతి ముందు చెబుతాను. ఇది అచ్చంగా మొహైర్, అంటే అంగోరా మేక బొచ్చు. నైలాన్ ఎక్కువ కాలం మన్నుతుంది, నిటారు చోట పట్టు కూడా గట్టిగా ఉంటుంది. కానీ జారుడులో మొహైర్‌ను అందుకోలేదు, అందుకే పోటీల్లో దీన్నే వాడతారు. పెట్టె విప్పిన రోజు మా ఇంట్లో కంబళ్ళు అమ్మే పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. చేతికిస్తే బొటనవేలితో అటూ ఇటూ రాసి చూసి, "బొచ్చు మంచిదే నాయనా, కాకపోతే మరీ పొట్టిగా కత్తిరించారు, ఊరికే అరిగిపోతుంది" అన్నారు. జన్మలో స్కీ ముఖం చూడని మనిషి. మార్చి వచ్చేసరికి ఆయన చెప్పినట్టే అయింది. దగ్గరికి తెస్తున్నాను, చూడండి. బూటు కింద పడే ఈ అరచేయంత మేర బొచ్చు పలచబడిపోయి అడుగున నేత దారాలు బయటపడ్డాయి. ముందు కొస, వెనుక కొస ఇంకా కొత్తగానే ఉన్నాయి. మన బరువంతా పడే చోటు ఇదే మరి.

అరుగుదలను నేను తప్పు పట్టను. మొహైర్ అంటేనే అంత. వేగం కావాలంటే మన్నిక వదులుకోవాలి.

ఈ జతలో నన్ను మంత్రం వేసినట్టు పట్టేసింది జిగురు. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి. ఇండివిడ్యువల్ పోటీలో ఒక్కసారి ఎక్కి దిగడం కాదు, ఎక్కడం దిగడం మళ్ళీ ఎక్కడం, అలా సాగుతూనే ఉంటుంది. ప్రతిసారీ స్కిన్ పీకాలి, జిగురు జిగురు కలిసేలా మడవాలి, జేబులో దోపాలి, కిందికి వచ్చాక తీసి మళ్ళీ అంటించాలి. ఇంతలో జిగురు మీద మంచు పొడి పడుతుంది, చెమట తడి తగులుతుంది, చలికి బిగుసుకుపోతుంది. మొదటి ఎక్కుడులో ఏ స్కిన్ అయినా అంటుకుంటుంది. అసలు పరీక్ష మూడో దాంట్లో, నాలుగో దాంట్లో. సగం కొండ మీద స్కిన్ తోక ఊడి మంచులో ఈడ్చుకుపోతుంటే ఆ రోజు పోటీ అక్కడితో సరి. పోటీ స్కిన్లకు వెనుక కొక్కెం ఉండదు, ముందు కొసన సాగే తాడు ఒక్కటే ఆధారం. మిగతా భారమంతా జిగురుదే.

మా పోటీలు జరిగే కశ్మీర్‌లోని గుల్మార్గ్ ఊరే 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి అఫర్వాత్ కొండ వైపు గోండోలా, అంటే తీగ మీద నడిచే బండి, దాదాపు 3,980 మీటర్ల దాకా తీసుకెళుతుంది. తెల్లవారుజామున ఆ వాలుల్లో ముక్కులోని తడి కూడా గడ్డకడుతుంది. అలాంటి చోట ఈ స్కిన్ చివరి ఎక్కుడులో కూడా, మోచేతి మీద ఒక్కసారి తుడిచి పెట్టగానే, టక్కున పట్టుకుంది. ఒక్క పోటీలో కాదు, సీజన్ అంతా అంతే. ఈ జిగురు తయారుచేసిన మనిషి ఎవరో కానీ దండం పెట్టాలనిపించింది.

నా పాత జతతో పోల్చి చూస్తేనే దీని విలువ తెలుస్తుంది. గుల్మార్గ్‌లో ఒక శిక్షకుడి దగ్గర సగం ధరకు కొన్నాను దాన్ని. నైలాన్ కలిసినది, వెనుక కొక్కెం ఉన్నది, బండ బరువు. చలిలో బాగానే పనిచేసేది. దానికి శత్రువు కశ్మీర్ కాదు, మా ఊరు. ఏప్రిల్‌లో అటక మీద పెట్టాను. ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కదా, జిగురు మెత్తబడి, కదలి, ఒకదానికొకటి కరచుకుపోయింది. మళ్ళీ చలికాలంలో విడదీస్తే ఒక పక్క జిగురు రెండో పక్కకు పోయింది, అంటిస్తే స్కీ అడుగున నల్లగా మిగిలిపోయేది. మీలో హైదరాబాద్, విజయవాడ నుంచి స్కీయింగ్‌కు వెళ్ళేవాళ్ళు ఉంటే ఇది మీకూ పనికొచ్చే మాట. స్కిన్లు బాగా ఆరాక, మధ్యలో వలలాంటి గుడ్డ పెట్టి, గాలి చొరబడని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో వద్దు. మా అమ్మ మొదటి రోజు "మేక తోలు తెచ్చి పెరుగు గిన్నె పక్కన పెడతావా" అంది. తోలు కాదమ్మా, బొచ్చు అన్నాను. "అయితే మరీ మంచిది" అని డబ్బాను కూరగాయల అరలోకి నెట్టేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

సరే, పొగడ్త అయిపోయింది. ఇప్పుడు అసలు కోపం.

స్కిన్ ముందు కొసన పట్టుకుని లాగడానికి చిన్న చెవి ఉంటుంది. ఇదిగో. ఎంత ఉందో చూడండి. నా చిటికెన వేలి గోరంత! పలచటి గుడ్డ ముక్క, అదీ స్కీ కొసకు అతుక్కుని పడుకుని ఉంటుంది. ఒట్టి చేత్తో ఇంట్లో కూర్చుని తీస్తే బ్రహ్మాండంగా వస్తుంది. పోటీలో చేతికి గ్లవ్స్ ఉంటాయి. గుండె నోట్లోకి వచ్చి ఉంటుంది. వంగి, స్కీ కొస అందుకుని, స్కీ కాలి నుంచి విప్పకుండానే ఒకే ఊపులో స్కిన్‌ను బూటు కిందుగా వెనక్కి లాగేయాలి. చెవి వేళ్ళకు చిక్కకపోతే ఆ ఊపే లేదు. బొటనవేలితో గీకుతూ ఉండాలి. పక్కవాడు జేబు జిప్పు కూడా లాగేసి దిగిపోతూ ఉంటాడు.

స్ప్రింట్ అంటే ఏమిటో గుర్తుంచుకోండి. మంచి ఆటగాళ్ళకు మొత్తం పోటీయే మూడు నిమిషాల చుట్టుపక్కల. డెబ్బై మీటర్ల ఎత్తు ఎక్కాలి. అందులోనే వంకర మలుపులు, స్కీలను వీపు సంచికి తగిలించుకుని కాలినడకన ఎక్కే ముక్క, మళ్ళీ స్కీలు, చివరికి స్కిన్లు పీకి దిగుడు. అందులో పీకడానికి నాలుగు సెకన్లు అదనంగా పోయాయంటే, కాళ్ళు ఎంత గట్టివైనా ఆ నాలుగు సెకన్లు ఎక్కడినుంచి తెస్తారు? కొండ మీద కష్టపడి సంపాదించినదంతా ఈ గుడ్డ ముక్క దగ్గర పారబోసుకోవాలా? ఒక్కో గ్రాము తగ్గించడానికి లోకమంతా కిందా మీదా పడుతుంటే, చెవిలో మిగిల్చిన అర గ్రాముతో వీళ్ళు ఏం సాధించారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తొందరలో స్కిన్ సరిగ్గా దోపకపోతే పెనాల్టీ వేరే.

కంపెనీకి రాశాను. "మా పరీక్షల్లో ఈ ఇబ్బంది కనిపించలేదు" అని జవాబు వచ్చింది. గ్లవ్స్ తొడుక్కుని పరీక్షించారా అని మళ్ళీ రాశాను. ఇంకా జవాబు రాలేదు.

చివరికి నేనే దారి చూసుకున్నాను. పాతూరులో ఫ్యాన్సీ దుకాణంలో నల్ల మొలతాడు కొని, వేలు పట్టేంత ఉంగరంలా చెవికి కట్టి, ముడి మీద సన్నగా టేపు చుట్టాను. ఇదే అది. ఆ తర్వాత పీకడం ఒక్క లాగుడు పని. పోటీకి ముందు పరికరాలు తనిఖీ చేసే ఆయన దాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఏమిటిదని అడిగారు. దిష్టికి అన్నాను. నవ్వి వదిలేశారు. కానీ ఇంత ఖరీదు చేసే వస్తువుకు మొలతాడు నేను కట్టుకోవాలా? నాకు ఉచితంగా వచ్చింది సరే, జీతం పోగేసి కొన్నవాడి సంగతి?

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. మార్చిలో ఎండకు మంచు తడిసి, నీడలోకి వెళ్ళగానే ఆ తడి గడ్డకట్టి స్కిన్ కింద ముద్దలుగా పేరుకుంటుంది. దీనికి ఆ జబ్బు కొంచెం ఎక్కువే. మైనపు కడ్డీని బొచ్చు వాలిన దిక్కున రుద్దితే సర్దుకుంటుంది, ఎదురు రుద్దకండి. కత్తిరింపు సమంగా ఉంది. మడిస్తే పలచగా ఉండి జేబులో ఇట్టే ఇమిడిపోతుంది.

నీకు ఏ స్థానం వచ్చిందని అడగకండి. మన దేశంలో ఈ పోటీల్లో సైన్యం, ఐటీబీపీ (టిబెట్ సరిహద్దు కాపలా దళం) కుర్రాళ్ళు దిగుతారు, చలికాలమంతా మంచులోనే బతుకుతారు. నేను గుత్తి కోట మెట్ల మీద స్కీ కర్రలు పట్టుకుని ఎక్కుతుంటే కాలు బాగా లేదా అని జాలిపడి నీళ్ళ సీసా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారికి అటు కొస శ్రీనగర్ అని తెలిసినప్పటి నుంచి ఆ రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ఉత్తరం వైపే పరుగెత్తుతాను. ఇదీ నా సాధన. ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్మార్గ్‌లో స్కిమో పెట్టాక పోటీ ఇంకా పెరిగింది, నాలాంటివాళ్ళు చివరి వరుసలో సంతోషంగా ఉన్నాం.

ఇంతకీ కొనాలా వద్దా? వర్టికల్ పోటీలు మాత్రమే ఆడేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి. అందులో ఎక్కడమే తప్ప దిగడం లేదు, స్కిన్ పీకే పనే రాదు, ఈ జారుడు ముందు ఇంకేదీ నిలవదు. ఇండివిడ్యువల్ ఆడేవాళ్ళు జిగురు కోసం కొనండి, కొన్న రోజే మొలతాడు కట్టండి. స్ప్రింట్ ఆడేవాళ్ళు మాత్రం ఆ చెవి మార్చేదాకా దీని జోలికి పోకండి. మార్కులు వేయమంటే జిగురుకు పదికి పది, చెవికి సున్నా. రెండూ కలిపి సగటు తీయమని అడగకండి, నాకు ఇంకా కోపం తగ్గలేదు.

వచ్చే వీడియోలో ఆ పాత జత మీద చెడిపోయిన జిగురును ఖాకీ కాగితం, ఇస్త్రీ పెట్టెతో తీసేసి కొత్తది పూసి చూపిస్తాను. ఇస్త్రీ పెట్టె ఇంట్లోది కాదు, అమ్మ చూస్తే ఊరుకోదని పాతది ఒకటి కొన్నాను. ఉంటానండి.