కళింగ రాణి చేతికి రాట్నం ఎక్కడిది?

నమస్కారం. కళింగ యుద్ధం నేపథ్యంగా తీసిన కొత్త టీవీ ధారావాహికను గురించి ఈరోజు మాట్లాడతాను. కథ, తారాగణం, భాగాల సంఖ్య వంటివి మీరు ఈపాటికి వేరే చోట చూసే ఉంటారు కనుక వాటి జోలికి పోను. ఏడాది చందాను ఈ ధారావాహిక వచ్చే యాప్ వారే నాకు ఉచితంగా ఇచ్చారు. ఫలానా విధంగా చెప్పమని మాత్రం అడగలేదు.

మూడవ భాగంలో కళింగ రాణి పెద్ద చక్రమున్న రాట్నం ముందు కూర్చుని నూలు వడుకుతుంది. పొందూరులో మా అమ్మమ్మ పక్కన కూర్చుని ఈ సన్నివేశం చూశాను. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతిలోని ఏకును, అంటే ఏకిన దూదిచుట్టను, మెల్లగా వెనక్కి లాగితేనే పోగు సాగుతుంది; ఆ నటి ఎడమచెయ్యి ఒడిలోంచి కదలనే లేదు. "ఇది నూలొడకడం కాదురా, తిరగలి తిప్పడం" అని అమ్మమ్మ నవ్వింది.

నటికి వడకడం రాకపోవడం చిన్న తప్పు. అసలు ఆ కాలంలో రాట్నమే లేదు. కళింగ యుద్ధం క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగింది. మన దేశంలో రాట్నం ప్రస్తావన స్పష్టంగా దొరికేది 1350 నాటి పారశీక కావ్యంలో. నడుమ 1,600 ఏళ్లు! అప్పటి స్త్రీలు చేత్తో తిప్పే కదురుపుల్లతోనే వడికేవారు. ఇంతకు ముందు నేను సమీక్షించిన ఒక ధారావాహికలో మౌర్యుల వంటింట్లో ఎండుమిరపకాయలు వేలాడితే, వాటిని మన దేశానికి తెచ్చిన పోర్చుగీసువారు రాకమునుపే వచ్చాయి కాబోలని నవ్వి ఊరుకున్నాను. నూలు మా ఇంటి పని కావడం వల్ల దీన్ని మాత్రం వదలలేకపోతున్నాను.

కొంచెం చదివి ఉంటే వారికి ఎంత మంచి సన్నివేశం దొరికేదో! కౌటిల్యుడి అర్థశాస్త్రం మేలైన నూలుబట్టలు పుట్టే దేశాల్లో కళింగాన్ని పేర్కొంటుంది. వితంతువుల చేత, వృద్ధ దాసీల చేత నూలు వడికించి, పోగు సన్నదనాన్ని బట్టి కూలి ఇచ్చే సూత్రాధ్యక్షుడనే అధికారిని చూపిస్తుంది. ప్రాచీన తమిళంలో బట్టనే 'కలింగం' అన్నారు. అటువంటి దేశపు రాణికి వీరు తొడిగింది మెరుపుల వెల్వెట్.

ఏనుగులు మాత్రం అద్భుతం. తెల్లవారుజామున గజబలం ఏరు దాటే దృశ్యాన్ని నేను రెండుసార్లు చూశాను. శ్రేష్ఠమైన గజాల్లో కళింగానివీ ఉన్నాయన్న అర్థశాస్త్రపు మాటకు తగినట్టుగా తీశారు.

ముగింపులో మళ్లీ చిరాకు. అశోకుడు కళింగంలోని ధౌలి బండ ముందు నిలబడి పశ్చాత్తాపం చెక్కిస్తాడు. లక్ష మంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని తరలించుకుపోయారనీ చెప్పే అశోకుడి 13వ శిలాశాసనం ధౌలిలో గానీ, కళింగంలోనే ఆయన శాసనాలున్న మరో చోటు జౌగడలో గానీ లేదు. దాని బదులు, మనుషులందరూ నా బిడ్డలేనని అధికారులకు చెప్పే వేరే శాసనాలున్నాయి. ఓడినవారి గడ్డమీద ఆ లెక్క రాయించకుండా మౌనం వహించిన రాజు ఎంత గొప్ప పాత్ర అయ్యేవాడు! తరలించుకుపోయిన లక్షన్నర మంది ఊసే ఈ ధారావాహికలో లేదు.

ఐదుకు రెండున్నర ఇస్తున్నాను. అందులో రెండు ఏనుగులవే. అమ్మమ్మ మార్కులు అడగకండి, ఆవిడ మూడవ భాగం దగ్గరే లేచి, అరటిడొప్పలోని ఏకులు తీసుకుని తన రాట్నం దగ్గరకు వెళ్లిపోయింది.