అమెక్స్ కార్డు ఎక్కడా గీకనివ్వరట కదా, మరి తీసుకోవచ్చా?

నమస్తే అండీ. ముందు ఈ కార్డు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. నంబరు మీద వేలు అడ్డం పెట్టా, అదొక్కటీ చూపించను. మన మామూలు కార్డుల మీద పదహారు అంకెలుంటాయి కదా, దీని మీద పదిహేనే. మొదటి అంకె 3. సీవీవీ కోసం వెనక్కి తిప్పక్కర్లేదు, ముందు వైపే నాలుగంకెలు ఉంటాయి. ఇది వీసా కాదు, మాస్టర్‌కార్డ్ కాదు, రూపే కాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, అంటే అమెక్స్ వాళ్ల మెంబర్‌షిప్ రివార్డ్స్ కార్డు. ఇది తీసుకోవచ్చా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అవునో కాదో చెప్పే ముందు నాకు జరిగిందొకటి వినండి.

మొన్న అమ్మతో చీరల షాపుకెళ్లా. రెండు చీరలు, ఒక బ్లౌజ్ పీసు, బిల్లు 6,840. కౌంటర్లో అమ్మాయి కార్డు ట్యాప్ చేసింది. మెషీన్ కాసేపు ఆలోచించింది, కీక్ మంది. మళ్లీ పెట్టింది, మళ్లీ కీక్. "మేడం, ఈ కార్డు మా మెషీన్ తీసుకోదండీ. ఫోన్‌పే ఉందా?" అంది. ఫోన్‌పే ఉంది, నెలాఖరు కాబట్టి దాని వెనకాల అకౌంట్లోనే ఏం లేదు. మా వెనక లైన్లో ఐదుగురున్నారు. అప్పుడు అమ్మ చప్పుడు చేయకుండా హ్యాండ్‌బ్యాగులోంచి జిప్పు పర్సు తీసి, నాలుగు మడతలు పెట్టిన ఐదొందల నోట్లు పద్నాలుగు లెక్కపెట్టి ఇచ్చింది. ఆటోలో కూర్చున్నాక, "అంత తళతళలాడే కార్డు, ఏడు వేలకి పనికి రాలేదేంటే?" అంది. తప్పు నాదే. ఇది ఒక్కటే పట్టుకుని బయల్దేరడం నా తెలివి.

ఎందుకు తీసుకోరంటే, ఆ షాపాయన వైపు నుంచి చూడండి. క్రెడిట్ కార్డు గీకిన ప్రతిసారీ బిల్లులోంచి కొంత కోసుకుని మిగతాది ఆయనకిస్తారు. రెండు శాతం అనుకుంటే, మా 6,840 మీద 137 రూపాయలు. అదే మనం బ్యాంకు అకౌంట్ నుంచి యూపీఐ కొడితే ఆయనకి పైసా కోత లేదు. అమెక్స్ వాళ్లు మామూలుగా మిగతా కార్డుల కంటే కాస్త ఎక్కువే తీసుకుంటారని పేరు. వీసాలో కార్డిచ్చేది ఒక బ్యాంకు, డబ్బు అటూ ఇటూ నడిపే నెట్‌వర్క్ ఇంకొకరిది. అమెక్స్ మన దగ్గర కార్డూ తనే ఇస్తుంది, నెట్‌వర్కూ తనదే. ఆ కోతలోంచే మనకి పాయింట్లు పడతాయి. మరి షాపాయనకి మండదా? 1991లో అమెరికాలోని బోస్టన్‌లో రెస్టారెంట్ల వాళ్లు ఈ ఫీజులు మేం కట్టం అని అమెక్స్ మీద తిరగబడ్డారు కూడా.

అమెరికాలో ఉండి చూస్తున్న మనవాళ్లకి కాస్ట్‌కో కథ తెలిసే ఉంటుంది. అక్కడి స్టోర్లలో ఏళ్ల తరబడి క్రెడిట్ కార్డంటే అమెక్స్ ఒక్కటే నడిచింది. 2016 జూన్‌లో ఒప్పందం అయిపోయింది, అప్పట్నుంచి వీసానే. బియ్యం బస్తా ట్రాలీలో పెట్టుకున్నాక తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సరే, లెక్కలోకి వద్దాం. ప్రతి 50 రూపాయల ఖర్చుకి ఒక పాయింటు. ఇదేం గొప్ప కాదు. అసలు మజా బోనస్‌లో ఉంది. నెలలో 1,500 లేదా ఆ పైన నాలుగు సార్లు గీకితే 1,000 పాయింట్లు. నెల మొత్తం 20,000 చేరితే ఇంకో 1,000. అంటే 20,000 ఖర్చుకి మామూలువి 400, బోనస్ 2,000, కలిపి 2,400. పది నెలలు ఇలా చేస్తే 24,000. వాళ్ల గోల్డ్ కలెక్షన్‌లో వోచర్లు తీసుకోవడానికి పెద్ద మెట్టు సరిగ్గా అదే, 24,000. చిన్న మెట్టు 18,000.

ఇప్పుడు పాయింటు విలువ పావలాకి పడిందనుకోండి, 24,000 అంటే 6,000 రూపాయలు. రెండు లక్షల ఖర్చు మీద మూడు శాతం. మంచి వోచర్ దొరికి అర్ధరూపాయి పలికితే 12,000, అంటే ఆరు శాతం. రెండో ఏడాది నుంచి ఫీజు 4,500, పైన జీఎస్టీ 18 శాతం, మొత్తం 5,310. ఏడాదిలో లక్షన్నర ఖర్చు పెడితే ఆ ఫీజు మాఫీ. పెట్టకపోతే పాయింట్లూ తగ్గుతాయి, ఫీజూ పడుతుంది. ఇలా ఏడు నెలలే చేశారనుకోండి, 1,40,000 ఖర్చుకి 16,800 పాయింట్లు, పావలా లెక్కన 4,200. ఆ 5,310 ఫీజుకే చాలదు. దానికా ఇంత హడావిడి? ఇంకోటి, పెట్రోలు, ఇన్సూరెన్సు, కరెంటు బిల్లు లాంటివాటికి పాయింట్లు రావు. ఈ షరతులు కూడా ఎప్పటికప్పుడు మారుస్తుంటారు, అప్లై చేసే రోజు వాళ్ల వెబ్‌సైట్లో ఒకసారి చదువుకోండి.

ఇదిగో, ఇది చూడండి. మూడు షాంపూ సీసాలు, రెండు బాదం పప్పు ప్యాకెట్లు. 28వ తారీఖున నా నాలుగో గీకుడు మిగిలిపోయింది. సూపర్‌మార్కెట్‌లో బిల్లు 1,180 అయింది. 1,500 దాటించాలని ఇవన్నీ వేసుకున్నా. పాయింట్లొచ్చాయి, నిజమే. షాంపూ మాత్రం వచ్చే దసరా దాకా కొనక్కర్లేదు. ఆ తర్వాత తెలివి తెచ్చుకుని, ఎలాగూ వాడే ఆన్‌లైన్ షాపింగ్ వోచర్లు 1,500 చొప్పున నాలుగు నెల మొదట్లోనే కొనేస్తున్నా. షాపులో మెషీన్ తీసుకుంటుందా లేదా అన్న గోలే లేదు. వాడే వోచర్లయితేనే సుమా.

ఈ కార్డుకి అసలు పోటీ వీసా కాదు, పక్క కిరాణా కొట్లో అట్టముక్క మీద అంటించిన క్యూఆర్. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్‌తో ఆ పని కాదు, అమెక్స్‌తో అసలే కాదు. పాలు, కూరగాయలు, టిఫిను, ఆటో... రోజులో సగం ఖర్చు ఫోన్ తీసి స్కాన్ చేసేదే కదా. ఆ డబ్బు ఈ కార్డుకి అందదు.

పాతవాళ్లకి ఇంకో సంగతి గుర్తుండొచ్చు. లావాదేవీల డేటా మన దేశంలోనే దాచాలన్న నిబంధన పాటించలేదని రిజర్వ్ బ్యాంక్ 2021 మే 1 నుంచి అమెక్స్‌ని కొత్త కస్టమర్లని చేర్చుకోవద్దంది. 2022 ఆగస్టులో ఎత్తేసింది. పాత కార్డులు ఆ టైంలోనూ పనిచేశాయి, కాబట్టి దానికి ఇప్పుడు భయపడక్కర్లేదు.

మరి తీసుకోవాలా? ఒక పని చేయండి. పోయిన నెల బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, ఆన్‌లైన్ షాపింగ్, ఫుడ్ ఆర్డర్లు, ఫ్లైట్ టికెట్లు, పెద్ద సూపర్‌మార్కెట్, ఈ నాలుగూ కూడండి. హైదరాబాద్‌లో ఇద్దరు ఉద్యోగాలు చేసే ఇంట్లో 20,000 తేలిగ్గా దాటొచ్చు. అప్పుడు కళ్లు మూసుకుని తీసుకోండి, రెండో కార్డుగా. నర్సరావుపేటలోనో సిద్దిపేటలోనో ఉండి, ఖర్చంతా స్కానర్ల మీదే నడుస్తుంటే వద్దు. అసలు మీ పిన్‌కోడ్‌కి కార్డిస్తారో లేదో కూడా ముందు చూసుకోవాలి. బిల్లు మొత్తం కట్టకుండా మినిమం డ్యూ కట్టే అలవాటుంటే మాత్రం ఈ వీడియో ఇక్కడే ఆపేయండి, వడ్డీ ముందు ఏ పాయింట్లూ ఆగవు.

నేనైతే ఉంచుకున్నా. ఫోన్లో రూపే కార్డు, పర్సులో ఇది, దీని వెనకాల ఒక వీసా. అమ్మకి ఆ ఏడు వేలు ఇంకా ఇవ్వలేదు. పాయింట్లతో వోచర్ తీసిస్తానే అంటే, "నాకు నోట్లే కావాలి, ఐదొందలవి" అంది.