ఒక్క ఊరి భాష: మలాణాలో కనాషీ

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్‌లో సిటీ బస్సు ఎక్కితే తెలుగు, దక్కనీ, మరాఠీ, లంబాడీ ఒక్క ప్రయాణంలోనే చెవిన పడతాయి. ఇన్ని భాషల నడుమ బతికే మనకు, ఊరి పొలిమేర దాటితే వినబడని భాష ఒకటి ఉందంటే నమ్మబుద్ధి కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లూ జిల్లాలో, పార్వతీ లోయను ఆనుకొని ఉన్న మలాణా గ్రామస్థుల కనాషీ అటువంటిది.

చుట్టుపక్కల ఊళ్లవారి కుల్లుయీ హిందీలాగే ఇండో ఆర్య భాష. కనాషీ మాత్రం టిబెటన్, బర్మీస్ భాషలున్న టిబెటో బర్మన్ కుటుంబానికి చెంది, ఎక్కడో దూరాన కిన్నౌర్ జిల్లాలో మాట్లాడే కిన్నౌరీకి దగ్గరి బంధువు. మలాణావారు అలెగ్జాండర్ సైనికుల సంతతి అన్న కథ బాగా ప్రచారంలో ఉంది గాని, వారి భాష ఆ కథను బలపరచదు. కనాషీలో పెద్ద సంఖ్యలను ఇరవైల లెక్కన చెప్పే పద్ధతి ఉంది. ఆ లెక్కలో అరవై అంటే మూడు ఇరవైలు. బ్రిటిష్ పాలనా కాలపు భాషా పండితుడు గ్రియర్సన్ తన భారతీయ భాషా సర్వేలో దీనికి చోటిచ్చారు. మన కాలంలో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన భాషాశాస్త్రవేత్త అంజూ సక్సేనా దీనిని వివరంగా అధ్యయనం చేశారు.

ఇంత చిన్న భాష ఇన్నాళ్లు ఎలా నిలిచింది? ఎత్తయిన కొండలూ, మంచుకు మూసుకుపోయే కనుమలూ కొంత కారణమే. అయితే అంతకన్నా బలమైన కారణాలు ఊరి కట్టుబాట్లలో ఉన్నాయని నా నమ్మకం. పెళ్లి సంబంధాలు సంప్రదాయంగా ఊళ్లోనే కలుపుకోవడం వల్ల, కోడలిగా వచ్చిన అమ్మాయికి అత్తగారింటి భాషా పుట్టింటి భాషా ఒకటే అయి, బిడ్డకు ఉగ్గుపాలతోనే కనాషీ అబ్బుతుంది. గ్రామదైవం జమ్లూ పేరిట తగవులు తీర్చే పెద్దల సభ కూడా ఊరిదే. ఇంటా, గుడిలో, పంచాయితీలో పనికొచ్చే భాషను ఎవరు వదులుకుంటారు?

ఇప్పుడు బడిలో హిందీ ఉంది, పర్యాటకులతో బేరాలూ హిందీలోనే. పదివేలకన్నా తక్కువ మంది మాట్లాడే భాషలను జనగణన విడిగా చూపకుండా 'ఇతర భాషలు' అనే పద్దులో కలిపేస్తుంది. కనాషీ మాట్లాడేవారు ఆ హద్దుకు చాలా దిగువనే ఉన్నారు. నన్నడిగితే, ముందుగా రికార్డు చేయవలసినది పెద్దల సభలో సాగే వాదోపవాదాలను. ఏ భాషకైనా నిండు బలం వాదనలోనే బయటపడుతుంది కదా. అయితే ఆ పని మలాణావారి సమ్మతితో, ఏది బయటికి చెప్పవచ్చో ఏది చెప్పకూడదో వారే నిర్ణయించుకునేలా జరగాలి.